వైజాగ్ తీరంలో టెంట్ బస: ఏం అడగాలి, వెళ్ళాక ఏం చూసుకోవాలి

చలికాలం మొదలైందంటే చాలు, "వైజాగ్ చుట్టుపక్కల సముద్రం పక్కన గ్లాంపింగ్‌కి (అన్ని సదుపాయాలున్న టెంట్లో బసకి) మంచి చోటు ఒకటి చెప్పండి" అని అడిగేవాళ్ళు ఎక్కువైపోతారు. పేరు మాత్రం చెప్పను. జనవరిలో బ్రహ్మాండంగా ఉన్న టెంటే మే నెలలో అరగంట కూర్చోలేనట్టు ఉంటుంది, మేనేజరు మారితే బాత్రూమ్ పరిస్థితే మారిపోతుంది. ఏ నెలలో వెళ్తున్నారు, నీళ్ళకి ఎంత దూరం, ఏ రకం టెంటు, కరెంటు ఎలా ఇచ్చారు అన్నవి ముందు తేల్చుకుంటే చోటు దానంతటదే తేలుతుంది. మంచం, పరుపు, ఫ్యాను, పక్కనే బాత్రూమ్ ఉన్న టెంట్లో ఒకటి రెండు రాత్రులు ఉండి రావాలనుకునేవాళ్ళకే ఇది ముఖ్యంగా రాస్తున్నాను. సొంత టెంటు డిక్కీలో వేసుకుని బయల్దేరేవాళ్ళకి పనికొచ్చేవి కూడా మధ్యమధ్యలో ఉన్నాయి.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- పెద్దవాళ్ళందరి ఒరిజినల్ గుర్తింపు కార్డులు. ఫోన్లో ఫొటో ఉంటే సరిపోతుందని వెళ్ళి గేటు దగ్గర వాదించేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు.
- రెండు టార్చిలైట్లు. ఒకదాని అద్దానికి ఎర్ర గ్లాసు కాగితం కట్టుకోండి, ఎందుకో 9వ మెట్టులో చెప్తాను.
- ఒంటికి రాసుకునే దోమల క్రీము, పవర్ బ్యాంకు, రబ్బరు చెప్పులు, పలచటి రగ్గు.
- మామూలు తెల్ల కొవ్వొత్తి ఒకటి. వెలిగించడానికి కాదు.
- గుమ్మం ముందు పరవడానికి పాత గోనెసంచి, చెత్తకి రెండు పెద్ద కవర్లు.
- నలుగురున్నా ఒక 20 లీటర్ల వాటర్ టిన్ను. తీరం పక్కన బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి, స్నానానికి సరే గానీ తాగడానికి పనికిరావు.
- రోజూ వేసుకునే మందులు ఇంకో రోజుకి అదనంగా.

1. ముందు నెల, ఆ తర్వాత తిథి చూడండి

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి చివరిదాకా అసలైన సీజను. రాత్రిళ్ళు చల్లగా ఉంటుంది, వాన భయం తక్కువ. పైగా మన తీరం ఆగ్నేయం వైపు చూస్తుంది కాబట్టి ఆ నెలల్లో సూర్యుడు సరిగ్గా నీళ్ళ మీంచే వస్తాడు. మార్చి నుంచి ఉక్కపోత మొదలు. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని టెంటు తీసుకోకండి, ఎంత తక్కువకి ఇచ్చినా సరే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది, స్నానాల మీద ఆశ పెట్టుకోవద్దు. అక్టోబరు, నవంబరు వాయుగుండాల కాలం. హుద్‌హుద్ మన ఊరిని కొట్టింది 2014 అక్టోబరు 12న, అంటే దసరా సెలవులు అయిపోయి దీపావళి టూర్లకి జనం ప్లాన్లు వేసుకునే రోజుల్లోనే. ఆ రెండు నెలల్లో బుక్ చేస్తే డబ్బు వాపసు ఇచ్చే షరతు ఉంటేనే చేయండి.

ఇక తిథి. అమావాస్యకీ పౌర్ణమికీ, ఆ తర్వాత రెండు రోజులూ పోటు ఎక్కువ, మన దగ్గర ఆటుకీ పోటుకీ మధ్య తేడా అప్పుడు మీటరున్నర దరిదాపుల్లో ఉంటుంది. ఇసుక తిన్నె చదునుగా ఉన్నచోట ఆ మీటరున్నర అంటే నీళ్ళు చాలా లోపలికి వచ్చేస్తాయన్నమాట. టెంటు నీళ్ళకి మరీ దగ్గరగా ఉంటుందంటే అష్టమి, నవమి రోజులు చూసుకోండి. ఇంట్లో గోడ మీద క్యాలెండరు చాలు దీనికి.

జనం సంగతి కూడా చూడాలి. కార్తీక మాసం ఆదివారాల్లో తోటలన్నీ వనభోజనాల గుంపులతో, మైకులతో నిండిపోతాయి. శివరాత్రికి అప్పికొండ సోమేశ్వరస్వామి గుడి వైపు బండి నడపడం కష్టం. డిసెంబరు 31 రాత్రికి మాత్రం నా సలహా ఒక్కటే, ఇంట్లో ఉండండి.

2. ఏ వైపో తేల్చుకోండి

భీమిలి వైపు అయితే రోడ్డు బాగుంటుంది, రుషికొండ, తొట్లకొండ, మంగమారిపేట రాతి తోరణం, ఎర్రమట్టి దిబ్బలు అన్నీ ఆ దారిలోనే. బండి లేకపోతే సిటీ బస్సు 900కె భీమిలి దాకా వెళ్తుంది. చిన్నపిల్లలు, పెద్దవాళ్ళు ఉన్న కుటుంబాలకి ఇదే నయం. ఒక్క లోటు ఏంటంటే చాలా బసలు రోడ్డుకి కొండవైపు ఉంటాయి, అంటే మీకూ సముద్రానికీ మధ్య బీచ్ రోడ్డు, దాని మీద శనివారం రాత్రి బైకుల మోత.

యారాడ మూడు పక్కలా కొండలు, ఒక పక్క సముద్రం, చూడ్డానికి దాన్ని మించింది లేదు. కానీ ఘాట్ రోడ్డు దిగి వెళ్ళాలి, చీకటి పడ్డాక కొత్తవాళ్ళు నడపొద్దు. ఇంకా దక్షిణంగా అప్పికొండ, అనకాపల్లి జిల్లాలోకి వెళ్తే ముత్యాలమ్మపాలెం, రేవుపోలవరం. అక్కడ జనం తక్కువ, నిశ్శబ్దం ఎక్కువ, మందుల షాపు దూరం. సిగ్నల్ కొన్నిచోట్ల ఒక కంపెనీదే వస్తుంది, కాబట్టి నలుగురు వెళ్తే రెండు రకాల సిమ్‌లు ఉండేలా చూసుకోండి.

సొంత టెంటు వాళ్ళకి: ఆర్కే బీచ్, రుషికొండ లాంటి పబ్లిక్ బీచ్‌లలో రాత్రి టెంటు వేస్తే పోలీసులు లేపి పంపేస్తారు, అడగకుండా వేయకండి. ఎర్రమట్టి దిబ్బల మీద అసలే వద్దు. అది జాతీయ భూవారసత్వ ప్రదేశం, అక్కడ ఒక మేకు దిగ్గొట్టినా మట్టి జారుతుంది. సరుగుడు తోటో జీడితోటో ఉన్న రైతుని అడిగి, ఆయన చూపించిన చోట వేసుకోవడం అన్నిటికన్నా సుఖం.

3. టెంటు రకం ఎంచుకోండి

ఫొటోల్లో అందరి కళ్ళూ పడేది పారదర్శకంగా ఉండే డోమ్ మీద. తూర్పుకి తిరిగిన డోమ్‌లో ఆరున్నరకి సూర్యోదయం పక్క మీంచే కనిపిస్తుంది, నిజమే. ఎనిమిదయ్యేసరికి లోపల ఇడ్లీ కుక్కరే. లోపలివైపు మందపాటి కర్టెను, పైన గాలి పోయే కిటికీ, పనిచేసే ఏసీ, ఈ మూడూ ఉంటేనే డోమ్ తీసుకోండి. రెండు పొరల కాన్వాసు ఉన్న సఫారీ టెంటు చూపుకి సాదాగా ఉన్నా మన తేమకి అదే మేలు. పైపొరకీ లోపలి పొరకీ మధ్య జానెడు ఖాళీ ఉండాలి, లేకపోతే తెల్లవారుజామున మంచు చెమ్మ లోపలికి దిగి దుప్పట్లు తడుస్తాయి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు మీతో వస్తుంటే టెంటు ఆలోచనే మానేసి అదే ఆవరణలో కాటేజీ ఒకటి తీసుకోండి, వంగి దూరే గుమ్మం వాళ్ళ వల్ల కాదు.

4. ఫోన్ చేసి అడగండి

"బాత్రూమ్ బాగుంటుందా అండీ?" అని అడిగితే "బాగుంటుందండి, అన్నీ ఉంటాయండి" అనే అంటారు. అవుననో కాదనో తప్పించుకోలేని ప్రశ్నలు వేయాలి.

- టెంటు గుమ్మం నుంచి నీళ్ళదాకా నడిస్తే ఎన్ని నిమిషాలు? మధ్యలో రోడ్డు ఉందా?
- బాత్రూమ్ టెంటుకి అతుక్కుని ఉందా, బయట ఉందా, ఎంతమందికి ఒకటి?
- రాత్రి కరెంటు పోతే జనరేటరు ఏసీకి కూడా ఇస్తుందా, లైటుకీ ఫ్యానుకేనా?
- వేడినీళ్ళకి కరెంటు గీజరా, గ్యాస్ గీజరా? గాలి ఆడని చిన్న బాత్రూమ్‌లో గ్యాస్ గీజరు ఉందంటే అక్కడితో ఆపేయండి, ప్రాణాలు పోయే సంగతి అది.
- రాత్రంతా మనిషి ఎవరైనా ఉంటారా? ఆయన నంబరు ముందే ఇస్తారా?
- వాతావరణ శాఖ హెచ్చరిక వచ్చి మేము రాలేకపోతే డబ్బు వెనక్కి ఇస్తారా, ఇంకో తేదీకి మారుస్తారా?

చివరి ప్రశ్నకి జవాబు వాట్సాప్‌లో రాసి పంపమనండి. తర్వాత ఒక వీడియో కాల్ చేసి టెంటు, బాత్రూమ్, గుమ్మం ముందున్న సముద్రం, మూడూ ఒకే కాల్‌లో చూపించమనండి. "ఇప్పుడు గెస్టులున్నారండి" అంటే మర్నాడు పదకొండింటికి చేయండి, అది ఖాళీ చేసే వేళ. అప్పుడు కూడా చూపించకపోతే మీకు జవాబు దొరికినట్టే. రివ్యూలు చదివేటప్పుడు నక్షత్రాలు కాదు, మీరు వెళ్ళే నెలలో రాసినవి ఏరుకుని చదవండి.

5. డబ్బు

చెప్పిన రేటు మనిషికా, టెంటుకా, అందులో భోజనాలు ఎన్ని, పిల్లలకి ఎంత వయసు దాకా ఉచితం, ఇవి అడిగాకే అడ్వాన్సు. రోజుకి 7,500 రూపాయల లోపు గదికి 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. 12 శాతం వేసిన బిల్లు ఇస్తే పాత రేటు వేశారని చెప్పండి. బిల్లే ఇవ్వనివాళ్ళ దగ్గర పూర్తి డబ్బు ముందే కట్టొద్దు, సగం చాలు.

6. సాయంత్రం నాలుగు లోపు చేరుకోండి

డిసెంబరులో ఐదున్నరకే చీకటి పడుతుంది. వెలుతురు ఉండగా చేరకపోతే కింద చెప్పే తనిఖీ ఒక్కటీ కుదరదు, ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే. సాయంత్రం ఆరింటికి బయల్దేరి, దారిలో మూరీ మిక్చరు తిని, తొమ్మిదింటికి చేరి, ఎక్కడ ఉన్నామో తెలియకుండానే పడుకుంటారు.

7. చేరగానే పావుగంట తనిఖీ

సంచులు దించకముందే చేయండి, ఎందుకంటే సంచులు దించాక టెంటు మార్చమని అడగడానికి మొహమాటం అడ్డొస్తుంది.

నీటి గీత: టెంటు ముందు నుంచి నీళ్ళవైపు నడవండి. ఎండిన నాచు, గవ్వలు, సరుగుడు పుల్లలు, ప్లాస్టిక్ మూతలు ఒక గీతలా పేరుకుని కనిపిస్తాయి. తడిగా ఉన్న గీత నిన్నటి పోటుది. దానికి పైన ఇంకో పాత గీత, బాగా ఎండిపోయి, ఉంటుంది, అది పెద్ద పోటుది. టెంటు ఆ పై గీతకి కూడా బాగా ఎగువన ఉండాలి. ఇంకో గుర్తు ఉంది. మేకడెక్క ఆకారంలో ఆకులు, ఊదారంగు పూలతో ఇసుక మీద పాకే తీగని చూసే ఉంటారు. అది దట్టంగా అల్లుకున్న చోటికి అలలు మామూలుగా రావు. తీగ వేళ్ళు బయటపడి వేలాడుతున్నాయంటే ఈమధ్యే అక్కడ ఇసుక కోసుకుపోయిందని అర్థం, వెనక వరసలో టెంటు అడగండి.

పైన: తాటిచెట్టు కింద టెంటు వద్దు, ఎండుమట్ట ఎప్పుడు పడుతుందో దానికే తెలియదు. మొగలి పొదకి ఆనించి ఉన్నదీ వద్దు, పాములు అక్కడ ఉండొచ్చు.

తాళ్ళు: టెంటు తాడుని నడుం ఎత్తులో పట్టుకుని మీ బరువంతా వేసి లాగండి. కదలకూడదు. మామూలు మేకులు ఇసుకలో నిలవవు, ఇసుక నింపిన గోతాన్ని మూరెడు లోతున పాతిపెట్టి దానికి తాడు కట్టాలి. సొంత టెంటు వాళ్ళు కూడా ఇదే చేయండి, గోతాలు లేకపోతే అడ్డంగా ఒక కర్ర పాతినా పనిచేస్తుంది. పాతాక పైన ఇసుకని కాలితో తొక్కి గట్టిచేయడం మర్చిపోకండి.

జిప్పు: ఉప్పుగాలికి మొదట పాడయ్యేది ఇదే. లోపల కూర్చుని మూడుసార్లు పూర్తిగా తీసి వేసి చూడండి. మధ్యలో ఆగుతుంటే కొవ్వొత్తిని జిప్పు పళ్ళ మీద రెండు వైపులా కిందనుంచి పైదాకా గట్టిగా రుద్ది, జిప్పుని నాలుగుసార్లు నడపండి, జారుతుంది. కొవ్వొత్తి తెచ్చుకోమన్నది ఇందుకే. నూనె రాయకండి, ఇసుక అంటుకుని ఇంకా బిగుసుకుపోతుంది. రుద్దినా లోపలినుంచి తెరుచుకోని జిప్పు ఉన్న టెంట్లో పిల్లలతో పడుకోవద్దు.

కరెంటు: ఇసుక మీద పడేసిన ఎక్స్‌టెన్షన్ బోర్డు కనిపిస్తే తీయించి ఎత్తులో పెట్టించండి. బోర్డులో ఆర్‌సీసీబీ అనే, కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే స్విచ్ ఉందా అని అడగండి, దాని మీద 'టి' అని రాసిన చిన్న బటన్ ఉంటుంది. అక్కడి మనిషి చేతే నొక్కించండి. టక్కున కరెంటు పోతే మంచిది, పోకపోతే అది అలంకారానికి పెట్టినట్టే. తేమ, ఉప్పు, తడి కాళ్ళు కలిసే చోట దీనికి మొహమాటపడొద్దు.

ఏసీని పది నిమిషాలు నడిపించి చూడండి, ఫ్లష్ లాగండి, కుళాయి తిప్పండి. అన్నీ సరిగ్గా ఉంటే అప్పుడు సంచులు దించండి.

8. నీళ్ళలోకి దిగే ముందు

ఐదు నిమిషాలు ఒడ్డున నిలబడి అలల్ని చూడండి. రెండు పక్కలా తెల్లగా విరుగుతూ, మధ్యలో ఒక పట్టీ మాత్రం ప్రశాంతంగా, కాస్త బురదరంగులో కనిపిస్తే, కొత్తవాళ్ళు అదే మంచి చోటని అక్కడే దిగుతారు. ఒడ్డుకొచ్చిన నీళ్ళు వెనక్కి పోయే దారి అది, రిప్ కరెంట్ అంటారు, మనిషిని లోపలికి లాక్కుపోతుంది. మన తీరంలో ఏటా ప్రాణాలు పోయేది ఎక్కువగా ఇలాంటి చోట్లే. చిక్కుకుంటే ఒడ్డువైపు ఈదడానికి పోరాడొద్దు, అలసిపోయి మునుగుతారు. తేలుతూ చెయ్యెత్తి అరవండి, ఈత వస్తే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, పట్టీ దాటాక అలలతో పాటు ఒడ్డుకి రండి.

భీమిలిలో గోస్తని నది సముద్రంలో కలిసే చోట స్నానం వద్దు. ఎర్రజెండా ఉన్నచోట మోకాలి లోతు కూడా వద్దు. స్థానిక జాలర్లని అడగండి, "ఇక్కడ దిగొచ్చా బాబాయ్?" అంటే ఉన్నదున్నట్టు చెప్తారు. వాళ్ళు వద్దంటే ఇక చర్చ లేదు. జెల్లీ చేప కుడితే సముద్రపు నీళ్ళతోనే కడగాలి, ఇసుకతో రుద్దకూడదు. నంబర్లు: అంబులెన్స్ 108, పోలీసు 112, సముద్రంలో ఆపదకి కోస్ట్ గార్డ్ 1554.

డ్రోన్ తెచ్చుకునేవాళ్ళకి ఒక మాట. ఇది నేవీ ఊరు. నౌకాదళ స్థావరాల చుట్టూ 3 కిలోమీటర్ల దాకా ఎగరేయడం నిషేధం, భీమిలి రోడ్డులో కూడా ఐఎన్ఎస్ కళింగ ఉంది. డ్రోన్‌ని ఇంట్లో వదిలేయండి.

9. చీకటి పడ్డాక

భోజనం గురించి పెద్దగా చెప్పేదేం లేదు, వంజరం వేపుడో రొయ్యల ఇగురో ముందే చెప్పి చేయించుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేట నిషేధం కాబట్టి ఆ రోజుల్లో "ఇప్పుడే పట్టిన చేప" అంటే కాస్త అనుమానించండి.

చలిమంట సరుగుడు చెట్ల కింద వేయొద్దు, కింద రాలిన ఎండాకు నిప్పురవ్వ పడితే చాలు అంటుకుంటుంది. ఖాళీ ఇసుకలో చిన్న గుంట తీసి, గాలి ఎటు వీస్తుందో చూసి, టెంట్లకి దూరంగా వేయండి, ఆర్పేటప్పుడు ఇసుక కప్పితే సరిపోదు, లోపల నిప్పు అలాగే ఉండి పొద్దున్న పిల్లల కాళ్ళు కాలుతాయి. నీళ్ళు పోసి, కర్రతో కలిపి, మళ్ళీ పోయండి. బొగ్గుల కుంపటి ఎంత చలైనా టెంటు లోపలికి తేవద్దు, ఆ పొగకి నిద్రలోనే ప్రాణం పోతుంది.

పగలు గాలి సముద్రం మీంచి వస్తుంది, రాత్రి పొద్దుపోయాక నేల మీంచి సముద్రం వైపు తిరుగుతుంది. ఆ గాలితో పాటే తోటల్లోంచి దోమలు వస్తాయి. అందుకే ఎనిమిదింటికి "దోమలే లేవు" అనుకుని జిప్పు తెరిచి పెట్టుకున్నవాళ్ళు పన్నెండింటికి లేచి కూర్చుంటారు. నేలవైపున్న కిటికీ వల ముందే చూసుకుని, సముద్రం వైపుది తెరుచుకోండి.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి రాత్రిపూట మన ఒడ్డుకి వస్తాయి. లైట్లు కనిపిస్తే తల్లి వెనక్కి వెళ్ళిపోతుంది, గుడ్లలోంచి వచ్చిన పిల్లలు సముద్రం అనుకుని లైట్ల వైపు నడుస్తాయి. కాబట్టి సముద్రం వైపు వేలాడే సీరియల్ లైట్లు తొమ్మిది తర్వాత ఆర్పించండి, ఒడ్డున నడిస్తే ఎర్ర కాగితం కట్టిన టార్చితోనే నడవండి. తాబేలు కనిపిస్తే దూరంగా ఆగిపోండి, ఫ్లాష్ కొట్టొద్దు, ముట్టుకోవద్దు, వన్యప్రాణి చట్టం కింద అది నేరం. అక్కడి సిబ్బందికి చెప్తే వాళ్ళు అటవీశాఖకి కబురు పంపుతారు. పాటలు పదింటికి ఆపేయండి.

10. గాలి మారితే

బయల్దేరే ముందురోజు రాత్రీ, బయల్దేరే రోజు పొద్దున్నా వాతావరణ శాఖ సూచన చూడండి. అది బాగున్నా, సముద్రం సంగతులు చెప్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్ వాళ్ళు ఇచ్చే అలల హెచ్చరిక విడిగా చూడండి. ఎక్కడో దూరంగా లేచిన పెద్ద అలలు ఎండ కాస్తున్న రోజున కూడా ఒడ్డుకి రావచ్చు. అక్కడ ఉండగా జాలర్లు పడవల్ని మామూలు కన్నా పైకి లాగి కడుతున్నారంటే మీరు కూడా సర్దుకోండి. రాత్రి గాలి పెరిగి టెంటు గుడ్డ టపటపా కొట్టుకుంటుంటే తాళ్ళు బిగించుకుంటూ కూర్చోవద్దు, రిసెప్షన్ గదిలాంటి పక్కా కట్టడంలోకి మారండి, లేదా కార్లోకి. బాగా ముందే తెలిస్తే తేదీ మార్చుకోవడం మేలు. ఆ వారాంతం ఎలాగైనా వెళ్ళాలనుకుంటే అరకు, లంబసింగి వైపు ఆలోచిస్తారు చాలామంది, కానీ తుపాను రోజుల్లో ఘాట్లో కొండచరియలు పడతాయి, అది ప్రత్యామ్నాయం కాదు.

11. ఖాళీ చేసేటప్పుడు

మంచం కింద, దిండ్ల మధ్య ఛార్జర్లు చూసుకోండి. మీ చెత్త మీ కవర్లోనే తెచ్చుకుని ఊళ్ళో డబ్బాలో వేయండి, అక్కడి గుంటలో వేస్తే గాలికి మళ్ళీ ఒడ్డుకే వస్తుంది. డిపాజిట్ కట్టి ఉంటే గేటు దాటకముందే ఫోన్‌పేలో పడిందో లేదో చూడండి, "సాయంత్రం వేస్తామండి" అన్న డబ్బు కోసం వారం రోజులు ఫోన్లు చేయాలి. కెమెరాని, కళ్ళద్దాల్ని తడిగుడ్డతో తుడవండి, పొడిగుడ్డతో రుద్దితే ఇసుక గీతలు పడతాయి. కారు కింద భాగం మంచినీళ్ళతో కడిగించండి. సొంత టెంటు అయితే ఇంటికి రాగానే మంచినీళ్ళు పోసి, జిప్పుల్ని పాత బ్రష్‌తో కడిగి, మేడ మీద నీడపట్టున పూర్తిగా ఆరేదాకా ఉంచండి. తడి మీద మడిచి అటక మీద పెడితే మళ్ళీ తీసేసరికి బూజు పట్టి ఉంటుంది.